సంతపట్టణములో ఇంటివారి భోజనశాల

ఇంగ్లండు అనగానే మనలో పెక్కుమందికి లండను నగరము స్ఫురించును. కాని ఆ దేశపు పల్లెసీమ ప్రజల జీవితమును తెలిసికొనవలెనన్నచో చూడవలసిన ఊళ్ళు వేరొక తరగతికి చెందినవి. వానిని అచ్చట 'మార్కెట్ టౌన్' లందురు. మన మాటలో సంతపట్టణములనవచ్చును. చుట్టుపట్ల పల్లెలవారు పశువులను, గొఱ్ఱెలను, ధాన్యమును, వెన్నను, గ్రుడ్లను తెచ్చి అమ్ముకొని, తమకు వలసిన వస్తువులు కొని తీసికొనిపోవుటకై ఏర్పడిన ఊళ్ళివి. అట్టి ఊరిలో ఒక కుటుంబమువారు తమ చేతులతో నడుపుకొను భోజనశాలయందు భుజించుట ఎట్లుండునో, ఆ శాల దేనివలన నిలుచునో, ఎందువలన మూతపడునో ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

మధ్యయుగములలో ఇంగ్లండున సంత జరుపుటకు సాధారణముగా రాజశాసనము కావలసియుండెను. ఒక సంత మరియొక సంతను దెబ్బతీయకుండుటకు వాని నడుమ ఉండవలసిన దూరము కూడ న్యాయవేత్తలు చెప్పిరి. 13వ శతాబ్దివాడగు బ్రాక్టన్ పేర ప్రసిద్ధమైన ధర్మశాస్త్రగ్రంథమున ఈ లెక్క కలదు. మనుష్యుడు దినమునకు 20 మైళ్ళు నడచును. దినమును మూడు భాగములు చేసి, ఒకటి సంతకు పోవుటకు, ఒకటి బేరసారములకు, ఒకటి ఇల్లు చేరుటకు ఉంచినచో, సంతకు పోవు దూరము 6 మైళ్ళ మీద మూడింట రెండు పాళ్ళగును. అంతకంటె దగ్గరగా క్రొత్త సంత పెట్టుట పొరుగు సంతకు కీడు చేయుటయే యని ఆనాటి భావము.

ఈ లెక్కలో మనము గమనింపవలసిన సంగతి మరియొకటి కలదు. తెల్లవారుజామున బయలుదేరి ఆరేడు మైళ్ళు నడచి వచ్చిన రైతు మధ్యాహ్నమునకు ఆకలిగొనియుండును. అతని ఇంటి పొయ్యి అంతే దూరమున ఉన్నది. కనుక సంత ఉన్నచోట అన్నము పెట్టు ఇల్లును ఉండక తప్పదు. తరువాతి కాలమున సంతదినములలో అచ్చటి వసతిగృహములవారు ఒక నియమితవేళకు, ఒక నియమితమైన ధరకు, పొడవైన బల్లపై అందరకు ఒకే భోజనము వడ్డించుచుండిరి. దానిని 'ఆర్డినరీ' అనుచుండిరి. రైతు, పశువుల వర్తకుడు, వకీలు ఒకే బల్లచుట్టు కూర్చుండెడివారు. ఆనాడు ఏమి వండిరో అదియే భోజనము. ఎన్నుకొను ప్రశ్నయే లేదు.

ఈ పద్ధతి మనకు క్రొత్త కాదు. పూటకూళ్ళ ఇల్లు ఇట్టిదే కదా! ఓరుగల్లున రూకకు కమ్మని భోజనము పెట్టు పూటకూటి యింటి ప్రసక్తి 'క్రీడాభిరామము'న ఉన్నది. గురజాడవారి 'కన్యాశుల్కము' చదివినవారెవ్వరును పూటకూళ్ళమ్మను మరువజాలరు. ఇంట వండిన దానినే బాటసారికి పెట్టి, ఆ రాబడితో ఇల్లు గడుపుకొనుట రెండు దేశములందును ఒక్కటియే. ఇంగ్లండున అది కాలక్రమమున బల్లలు, తెల్లని గుడ్డలు, పదార్థముల పట్టిక చేర్చుకొని భోజనశాలయైనది.

ఇందుకు మేము ఉదాహరణముగా గ్రహించు ఊరు లడ్‌లో. ఇది ష్రాప్‌షైరు మండలమున, వేల్సు సరిహద్దుకు చేరువలో, టీమ్ నదికి పైనున్న మిట్టమీద ఉన్నది. జనసంఖ్య సుమారు 10,000. నార్మనులు 11వ శతాబ్ది చివర కట్టనారంభించిన కోట ఒక కొనను, సెయింట్ లారెన్సు దేవాలయపు ఎత్తైన గోపురము నడుమను కనిపించును. కోట ముంగిటి మైదానమున నేటికిని వారమునకు పలుదినములు సంత జరుగుచున్నది. ప్రక్క మండలమగు హెరిఫర్డ్‌షైరు తెల్లమొగపు పశువులకు, ఆపిలుతోటలకు పేరుగాంచినది. కొండవాలులందు గొఱ్ఱెలు మేయుచుండును. ఇట్లు వంటకు కావలసిన సంభారము ఊరి చుట్టునే ఉన్నది.

సంభారమున్నంత మాత్రమున మంచిభోజనము దొరకుననుకొనరాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1940 జనవరిలో, ఆ దేశమున ఆహారపు రేషను ఆరంభమైనది. 1942లో వచ్చిన ఉత్తరువు ననుసరించి ఏ భోజనశాలయందైనను భోజనపు వెల 5 షిల్లింగులకు మించరాదు. మూడు వడ్డనలకంటె ఎక్కువ ఉండరాదు. రేషను పూర్తిగా ముగిసినది 1954 జూలై 4వ తేదీన. పదునాలుగేండ్లపాటు వెన్న, మాంసము, పంచదార కొలచి పంచిన దేశమున వంటచేయువారు ఎన్నో రుచులను మరచిరి. తినువారు ఫిర్యాదు చేయుటయే మరచిరి. 1946-47 నాటి కఠినమైన శీతకాలమున ఎలిజబెత్ డేవిడ్ అను రచయిత్రి హెరిఫర్డ్‌షైరులోనే యున్న రాస్-ఆన్-వై అను సంతపట్టణమున ఒక హోటలులో బస చేసెను. అచ్చటి చప్పిడి తిండితో విసిగిపోయి, మధ్యధరా దేశములలో తాను ఎరిగిన నిమ్మపండ్లను, ఆలివునూనెను, వెల్లుల్లిని తలచుకొనుచు వ్రాసికొనసాగెను. 1950లో వెలువడిన ఆమె తొలి వంటపుస్తకమునకు బీజము ఆ విసుగే.

మరుసటి యేడు, అనగా 1951లో, రేమండ్ పోస్ట్‌గేట్ అను చరిత్రకారుడు 'గుడ్ ఫుడ్ గైడ్' అను పుస్తకమును వెలువరించెను. దేశమున ఎచ్చట మంచిభోజనము దొరకునో సామాన్యులే తిని, తమ సొమ్ము తామే చెల్లించి, వ్రాసి పంపిన సమాచారమునకు అది సంపుటి. భోజనశాలలను మెచ్చుకొని ప్రతిఫలము పొందుట నిషిద్ధము. మాఱుమూల సంతపట్టణమున భార్యాభర్తలు నడుపు చిన్నశాల సంగతి దూరపు ఊళ్ళవారికి తెలియుటకు ఇట్టి పుస్తకములు దారి చూపినవి.

ఆ దారి లడ్‌లోకు వచ్చిన విధము విచిత్రమైనది. 1990వ దశకపు నడిమి కాలమున షాన్ హిల్ అను ప్రసిద్ధ వంటవాడు పెద్దహోటలు కొలువు విడిచి, ఈ ఊరిలో 'మర్చంట్ హౌస్' అను చిన్నశాలను తెరచెను. పట్టుమని పది బల్లలైనను లేవు. వంటయింట ఆయన ఒక్కడే. అతిథులను చూచుకొనునది ఆయన భార్య. కొంతకాలమునకు బ్రాడ్లీ దంపతులు సఫోక్ మండలమునుండి వచ్చి, నదియొడ్డున, కోటగోడల క్రింద 'మిస్టర్ అండర్‌హిల్స్' అను శాలను నెలకొల్పిరి. అచ్చట చివరి తీపివంటకము వరకు ఎన్నుకొనుట యన్నది లేదు. వండినదే వడ్డన. పాత 'ఆర్డినరీ' మరల వచ్చినదని మాకు తోచుచున్నది. 2000వ సంవత్సరమునకు తరువాతి కొలది యేండ్లలో ఫ్రాన్సువారి మిషెలిన్ పుస్తకము నక్షత్రచిహ్నమిచ్చిన శాలలు పదివేల జనముగల ఈ ఊరిలో ఒకేసారి మూడుండెను. 1995లో మొదలిడిన ఆహారోత్సవము కూడ ఊరి పేరును దూరము వ్యాపింపజేసినది.

ఇక మా అనుభవము చెప్పెదము. ఒక శరత్కాలమున మేము మువ్వురము రైలుదిగి లడ్‌లో చేరునప్పటికి రాత్రి తొమ్మిది దాటినది. రైలు ఆలస్యమైనది. విచారింపగా ఒక సందులో ఏడు బల్లలుగల భోజనశాల చూపిరి. కిటికీలోనుండి చూడగా ఆరు బల్లలవద్ద జనము తినుచున్నారు. ఒక బల్ల ఖాళీగా ఉన్నది. తలుపు తీసిన గృహిణి మమ్ము చూచి, "క్షమింపవలెను, వంట ముగిసినది. రేపటికి చెప్పినచో మీకు చోటుంచెదము" అనెను. ఖాళీబల్ల కనులయెదుటనే యుండగా ఆకలిగొన్న పరదేశులను పంపివేసిన ఆమెపై మాకు లోలోపల కష్టము కలిగినది. ఆ రాత్రి వేయించిన బంగాళాదుంప ముక్కలతో సరిపుచ్చుకొంటిమి.

మరునాటి ఉదయమున టెలిఫోను చేసితిమి. ఆమె నాలుగు ప్రశ్నలడిగెను. ఎందరు వత్తురు? ఏ వేళకు? మీరు తినని పదార్థమేదైన కలదా? తిన్నచో ఒడలికి సరిపడనిది కలదా? చివరి ప్రశ్న మర్యాదకై అడిగినది మాత్రమే కాదు. వేరుశనగ, గ్రుడ్డు, పాలు, గోధుమ మున్నగు 14 విధములైన పదార్థములలో ఏవి ఏ వంటకమున ఉన్నవో తెలుపుట 2014 డిసెంబరునుండి అచ్చటి భోజనశాలలకు చట్టరీత్యా విధి. మాలో ఒకరు శాకాహారి యని చెప్పితిమి. "చీజు తిందురా?" అని ఆమె వెంటనే అడిగెను. కొన్ని చీజులలో పాలను తోడుపెట్టుటకు దూడ కడుపునుండి తీసిన రెన్నెట్ అను పదార్థమును వాడుదురు. ఉడికించిన కొన్ని పిండివంటలలో పశువుల క్రొవ్వు చేరును. కావున మన శాకాహారులు మాంసము వద్దని చెప్పి ఊరకుండక, ఈ రెండింటిని గూర్చియు విడిగా అడుగవలెను.

సాయంకాలము ఏడు గంటలకు వెళ్ళితిమి. మొదటి వడ్డన లీకులు అను ఉల్లిజాతి కాడలు, బంగాళాదుంపలు కలిపి కాచిన వేడి సూపు. ప్రక్కన ఆ వంటయింటనే కాల్చిన రొట్టె. అందరకు వడ్డించువరకు ఎవరును చెంచా ఎత్తరు. రెండవది ముఖ్యభోజనము. మాంసాహారులకు ఊరి కసాయి అంగడినుండి తెచ్చి సన్నని సెగపై చాలసేపు మగ్గించిన గొఱ్ఱెపిల్ల మాంసము. మా శాకాహారికి పుట్టగొడుగులు, లీకులు, రెన్నెట్ లేని చీజు నింపి కాల్చిన పిండివంట. కారము లేదు, తిరుగమోత లేదు. ఉప్పు, మిరియము, వెన్న, పచ్చియాకులు, ఇంతే. మొదటి ముద్దకు మన నాలుక ఏదియో వెదకును. నాలుగవ ముద్దకు దుంపకు దుంపరుచి, మాంసమునకు మాంసపురుచి తెలియసాగును. కత్తి, ముల్లుగరిట పళ్ళెముమీద జంటగా పెట్టినచో 'ఇక చాలును' అని గుర్తు. చివర ఆపిలుపండ్లను, నల్లని బ్లాక్‌బెర్రీలను ఉడికించి, వెన్నతో కలిపిన పొడిపిండిని పైన చల్లి కాల్చిన 'క్రంబుల్', దానిపై వేడి కస్టర్డు. ఆ నల్లని పండ్లు ఊరివెలుపలి కంచెలమీద కాసినవని ఆమె చెప్పెను.

వడ్డించునది గృహిణి, పదునేడేండ్ల కుమార్తె. పదుమూడేండ్ల కుమారుడు మేడమీద పాఠములు చదువుకొనుచున్నాడట. అచ్చటి చట్టము ననుసరించి చదువు వయస్సు దాటని బాలురచేత సాయంకాలము ఏడు గంటలకు పిమ్మట పని చేయింపరాదు; తల్లిదండ్రుల అంగడియైనను అంతే. వంటయింట తండ్రి ఒక్కడే.

కాఫీవేళకు జనము పలుచబడినది. మేము ముందురాత్రి సంగతి ఎత్తితిమి. ఖాళీబల్ల ఉండగా మమ్మేల పంపివేసితిరని అడుగగా, ఆమె దాచక చెప్పెను. ఆ బల్ల నలుగురికై ముందుగా చెప్పియుంచినది. వారు రాలేదు, రామని కబురును చేయలేదు. తండ్రి ఎనిమిదిన్నర దాక కాచుకొని, పొయ్యి ఆర్పి, కడుగుట మొదలిడెను. ఉదయము ఆరు గంటలనుండి ఆయన నిలుచుండియే యున్నాడు. "పదార్థము ఉన్నదండీ, చేతులు లేవు" అనెను.

ఈ మాట విన్న పిదప మా కష్టము తీరుటయే గాక, ఇంటివారి భోజనశాల మర్మము కూడ తెలిసినది. పెద్దహోటలున బల్లలు పెరిగినచో వంటవారిని పెంచుదురు. ఇచ్చట బల్లల సంఖ్యను నిర్ణయించునది గది వైశాల్యము కాదు, ఇంటిలోని చేతుల సంఖ్య. ఏడు బల్లలలో ఒకటి రానివారి మూలమున పాడైనచో ఆ రాత్రి రాబడిలో ఏడవ వంతు పోయినట్లే. కొన్న మాంసము, కాల్చిన రొట్టె, కాచుకొన్న గంటలు తిరిగి రావు. అందుచేతనే నేడు పెక్కుశాలలవారు చోటు చెప్పునప్పుడే కొంత సొమ్ము బయానా పుచ్చుకొనుచున్నారు. దీనిని దురాశ యని భావింపరాదు.

లెక్కల సంగతియు కొంత తెలిసికొనదగును. భోజనశాలలో వడ్డించు భోజనముపై నూటికి 20 వంతున 'వ్యాట్' అను పన్ను కలదు. ఏడాదికి అమ్మకము 90,000 పౌనులు దాటినచో ఈ పన్నుకు నమోదు కావలెను. 2024 ఏప్రిలునుండి హద్దు ఇది. వారమునకు పంచినచో సుమారు 1,730 పౌనులు. ఇది లాభము కాదు. సరకులు, అద్దె, విద్యుత్తు అన్నియు ఇందులోనివే. ఇక బల్లమీద అతిథి సంతోషముతో ఉంచు ఇనాము సొమ్ము. జీతగాండ్రు ఉన్నచోట అది పూర్తిగా వారికే చెందవలెనని 2024 అక్టోబరు 1 నుండి చట్టము అమలులోనికి వచ్చినది.

ఇట్టి శాలలకు పెద్ద పరీక్ష 2020లో వచ్చినది. మహమ్మారి కారణమున మార్చి 20వ తేదీ రాత్రి దేశమునందలి భోజనశాలలన్నియు మూయవలసినదని ప్రభుత్వము ఆజ్ఞాపించినది. ఇంగ్లండున అవి మరల తెరచుకొన్నది జూలై 4న. రేషను ముగిసిన తేదీయు అదియే యగుట కేవలము కాకతాళీయము. ఆ మూడున్నర నెలలలో ఎందరో వండినదానిని పొట్లములు కట్టి గుమ్మమువద్ద అమ్మి ఇల్లు నిలుపుకొనిరి.

ఐనను ఇంటివారి శాలను తుదకు మూయునది తరచుగా పన్నును కాదు, మహమ్మారియు కాదు, వయస్సు. మర్చంట్ హౌస్ 2005లో మూతపడినది. అండర్‌హిల్స్‌వారు 2015 చివర విశ్రాంతి గైకొనిరి. మంచిపేరున్నప్పుడే రెండును ముగిసినవి. చేతులు మారినచో వంట మారును. అది మరియొక శాల యగును. మాకు వడ్డించిన పదునేడేండ్ల బాలికను, "తల్లిదండ్రుల పిమ్మట నీవు నడుపుదువా?" అని అడిగితిమి. ఆమె తల్లివైపు చూచి నవ్వి, ఇంజనీరింగు చదువుటకు దరఖాస్తు పెట్టితిననెను. "మా అబ్బాయికైనను ఈ పని వద్దనియే మేము చెప్పుచున్నాము" అని తల్లి పళ్ళెములు తీయుచు పలికెను. ఆ మాటలో విచారము ఎంతయో, తృప్తి ఎంతయో మేము తేల్చుకొనలేకపోతిమి. పొయ్యివద్ద కాళ్ళు వాచిన తల్లిదండ్రులు ఏ దేశమువారైనను పిల్లలకు నీడపట్టున పని కోరుకొందురు.

ఇచ్చట మన ఉపఖండమునకు సంబంధించిన మాట ఒకటి చెప్పవలెను. నేడు ఇంగ్లండున భారతీయ భోజనశాల లేని సంతపట్టణము అరుదు. పేరు భారతీయమైనను వానిని నడుపువారిలో పెక్కురు బంగ్లాదేశమున సిల్హెట్ ప్రాంతమునుండి వెళ్ళిన కుటుంబములవారు. తండ్రి, పినతండ్రి, మేనమామలు వంటయింటను, బల్లలవద్దను పనిచేసి పిల్లలను వైద్యులుగ, న్యాయవాదులుగ చేసిరి. వారి ముంగిటను ఇప్పుడు అదే ప్రశ్న నిలిచినది: రేపు గరిట పట్టువారెవరు?

మన శ్రోతల పిల్లలు, బంధువులు ఎందరో నేడు ఇంగ్లండున ఉన్నారు. వారిని చూడబోవువారు ఒక్కదినము లండను విడిచి ఇట్టి సంతపట్టణమున భుజింపుడని మా సలహా. ముందుగా టెలిఫోను చేసి చోటు చెప్పుకొనుడు. తిననివి మొహమాటము లేక తెలుపుడు. చెప్పిన వేళకు పొండు. పోలేనిచో ఉదయముననే కబురు చేయుడు; దానికి ఖర్చు లేదు, ఆ ఇంటికి నష్టము తప్పును.

ఆ రాత్రి మేము బయటికి వచ్చి సందు దాటుచు వెనుదిరిగి చూచితిమి. కిటికీ ప్రక్క బల్లమీద గుడ్డ మార్చి గృహిణి నాలుగు పళ్ళెములు పెట్టుచున్నది. మేడమీదినుండి బాలుడు దిగి వచ్చెను. తండ్రి చేతులు తుడుచుకొనుచు వంటయింటినుండి వచ్చి కూర్చుండెను. అప్పటికి పది గంటలు దాటినది. ఇంటివారి భోజనవేళ అది.